ఉద్దానం తోటల్లో ఇంకెన్ని చావులు?

ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చిలకానగర్, రామంతాపూర్‌లలో ఉంటున్న ఉద్దానం వాళ్లందరికీ విజ్ఞప్తి



మనం శ్రీకాకుళం జిల్లా కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్సో ఫలక్‌నుమానో ఎక్కి బతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చినవాళ్లం. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టులు చేస్తున్నాం. ఉప్పల్ చుట్టూ లేస్తున్న అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ కడుతున్నాం, ఇటుక మోస్తున్నాం. కొందరం వాచ్‌మెన్లుగా సెల్లార్లలోనే కాపురాలు పెట్టాం. కొందరం నాలుగు అక్షరాలు నేర్చుకుని ఉద్యోగాల్లో కుదిరాం. ఎవరం ఏ పనిలో ఉన్నా, జీడి కాపు మొదలైనప్పటి నుంచి పనసపళ్లు అయిపోయేదాకా ఊరి నుంచి వచ్చే ఫోనులో ఒక మాట వినబడుతూనే ఉంటుంది: "తోటలో ఎలుగు తిరుగుతోందిరా."

"జాగ్రత్తమ్మా" అనేసి పెట్టేస్తున్నాం. మళ్లీ డ్యూటీలో పడిపోతున్నాం. ఇక అలా పెట్టేస్తే కుదరదని చెప్పడానికే ఈ కరపత్రం.

ఏం జరిగిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం

2018 జూన్. సోంపేట మండలం ఎర్రముక్కాం మీద ఎలుగు పడింది. భార్యాభర్తలిద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇంకా కొందరు గాయాలపాలయ్యారు. కడుపు మండిన జనం ఆ ఎలుగును కొట్టి చంపేశారు.

2022 జూన్. వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో జీడితోటలో ఒక రైతు ఎలుగు చేతిలో చచ్చిపోయాడు. మర్నాడు మళ్లీ దాడి జరిగింది, పలువురు గాయపడ్డారు. మత్తు సూది వేసి దాన్ని పట్టడానికి విశాఖపట్నం ఇందిరాగాంధీ జూ నుంచి బృందం రావాల్సి వచ్చింది. పట్టుకున్నారు. పట్టిన రోజే అదీ చనిపోయింది.

2024 మార్చి. అదే వజ్రపుకొత్తూరు మండలంలోని అనకాపల్లి గ్రామం. మళ్లీ జీడితోటే. ఇద్దరు మగవాళ్లు పోయారు, ఒక ఆడమనిషి గాయపడింది.

మూడు ఘటనలు, ఐదు ప్రాణాలు. బతికి బయటపడిన వాళ్ల సంగతి వేరే చెప్పాలా? ఎలుగు పంజా పడేది ముఖం మీద, తల మీద. కన్ను పోయినవాళ్లు, దవడ చీలినవాళ్లు అద్దంలో చూసుకోలేక బతుకుతారు.

మూడు సార్లూ వరస ఒక్కటే. ముందు చావు. తర్వాత రోడ్డు మీద ధర్నా. తర్వాత నాయకుల పరామర్శ, టీవీ కెమెరాలు. తర్వాత చెక్కు. తర్వాత మరుపు. మళ్లీ జీడి పూత, మళ్లీ ఎలుగు.

చంపేయాలా? వదిలేయాలా? పట్టుకుపోవాలా?

మన ఊరి రచ్చబండ దగ్గరా, ఇక్కడ టీ కొట్టు దగ్గరా ఈ మూడు మాటలే నడుస్తున్నాయి. మూడింటినీ తేల్చుకుందాం.

"చంపేస్తే పీడా పోతుంది" అంటారు కొందరు. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో ఆ మాట వస్తే మనం తప్పు పట్టం. కానీ లెక్క చూడండి. 2018లో దాడి చేసిన ఎలుగు చచ్చింది. 2022లో దాడి చేసిన ఎలుగూ చచ్చింది. 2024లో చావులు ఆగాయా? తోటలో తిండి ఉన్నంతకాలం ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. చంపడం మన కోపాన్ని చల్లారుస్తుంది, మన అమ్మకు కాపలా కాయదు.

"ఆ చోటు దానిదే, మనుషులే ఆక్రమించారు, వదిలేయండి" అంటారు ఇంకొందరు. ఈ మాట ఎక్కువగా నగరంలో, నాలుగో అంతస్తులో వినిపిస్తుంది. అయ్యా, ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస మా తాతలు ఇసుక నేలలో కుండలతో నీళ్లు మోసి పెంచినవి. మేం నిన్న మొన్న అడవి నరికి వెంచర్లు వేసినవాళ్లం కాదు. జీడి పిక్క ఏరుకుంటేనే పూట గడిచే ఇంటికి "తోటకు వెళ్లడం మానేయండి" అని చెబితే పస్తులుండమని చెప్పినట్టే.

"పట్టి జూలో పెట్టండి, దూరపు అడవిలో వదలండి" అనేది మూడో మాట. మనిషి మీద పదేపదే పడే ఎలుగు విషయంలో ఇది సరైన మాటే. కానీ కనబడ్డ ప్రతి ఎలుగునూ పట్టుకుపోతే జూలు చాలవు. కొత్త అడవిలో వదిలితే అక్కడి ఊళ్లకు మన బాధ అంటగట్టినట్టు. పైగా ఖాళీ అయిన చోటుకు పక్క కొండ నుంచి ఇంకొకటి దిగుతుంది.

మూడు మాటలూ ఎలుగు దాడి చేశాక ఏం చేయాలన్న దాని మీదే తిరుగుతున్నాయి. దాడి జరక్కముందు ఏం చేయాలన్నది ఎవరూ అడగడం లేదు. మనం అడుగుదాం.

అది ఎందుకు వస్తోంది?

ఉద్దానానికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మహేంద్రగిరి వైపు సాగే తూర్పు కనుమలు. మధ్యలో మన తోటలూ, రాళ్ల మెట్టలూ. ఈ ఎలుగు చెదపురుగులు, చీమలు, తేనె, పండ్లు తిని బతికే జంతువు. మనిషిని తినడానికి రాదు. కొండ మీద తిండి, నీళ్లు తగ్గి, కింద తోటలో జీడిమామిడి పళ్లు రాలి, పనస వాసన గుప్పుమంటుంటే దిగి వస్తుంది. చీకటి పడ్డాక వచ్చి తిని, తెల్లారేలోగా పొదలోకి పోతుంది. దట్టమైన జీడితోట దానికి తిండిగదీ పడకగదీ రెండూను.

ఇప్పుడు మన వేళలు చూడండి. జీడి పిక్క ఏరడానికి మనవాళ్లు తోటకు వెళ్లేది ఎండెక్కక ముందు, తెల్లవారుజామున. అదే సమయానికి ఎలుగు కడుపు నింపుకుని పొదకు మళ్లుతుంటుంది. దానికి ముక్కు చురుకు, చూపు మందం. వంగి పిక్కలు ఏరుకుంటున్న మనిషి అలికిడి చేయడు. ఇద్దరూ ఒక్కసారిగా ఎదురుపడతారు. బెదిరిన ఎలుగు పారిపోదు, మీద పడుతుంది. చలికాలంలో గుహలో ఈనిన ఆడ ఎలుగు జీడి కాపు నాటికి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంటుంది. దాని ఎదుట పడితే చెప్పే పనే లేదు.

మార్చి, జూన్, జూన్. మూడు ఘటనలు జరిగిన నెలలు ఇవి. ఇది విధి రాత అనుకోవద్దు. కాపు ఎప్పుడొస్తుందో తెలిసిన రైతుకు, ప్రమాదం ఎప్పుడొస్తుందో కూడా తెలుసు. ప్రభుత్వానికీ తెలియాలి.

దానికి తోడు 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మన తోటల్ని నేలమట్టం చేసింది. కొబ్బరి, జీడి వేళ్లతో లేచిపోయాయి. తోట పోయిన ఇళ్ల నుంచి కుర్రాళ్లు రైలెక్కారు. మనలో ఎంతమంది ఆ ఏడాదే ఇక్కడికి వచ్చామో ఒకర్నొకరం అడిగి చూసుకుందాం.

ఇది హైదరాబాద్‌లో ఉన్న మన సంగతి కూడా

తోటకు ఒకప్పుడు నలుగురు కలిసి వెళ్లేవారు. కుర్రాళ్లు ముందు నడిచేవారు, కేకలు వేసేవారు, కర్రలు ఝళిపించేవారు. ఇప్పుడు ఆ కుర్రాళ్లం మనం, నాచారంలో ఉన్నాం. తోటకు వెళ్తున్నది అరవై దాటిన నాన్న, మోకాళ్ల నొప్పుల అమ్మ, ఒంటరి పిన్ని. కోసేవాళ్లు లేక పనస చెట్టునే ముగ్గిపోతోంది. శుభ్రం చేసేవాళ్లు లేక తోట కింద తుప్పలు పెరిగిపోతున్నాయి. ఎలుగుకు అంతకంటే ఏం కావాలి?

ఇది మన ఒక్క జిల్లా కథే అనుకోకండి. జపాన్‌లో 2025లో ఎలుగు దాడులు మునుపెన్నడూ లేనంతగా పెరిగాయి. అకితా అనే చోట చివరికి సైన్యాన్ని పిలిచారు. సైనికులు కాల్చడానికి రాలేదు, బోన్లు మోసి పెట్టడానికి వచ్చారు. అక్కడ నిపుణులు చెప్పిన కారణాలు వింటే మన ఊరి మాటే అనిపిస్తుంది: కొండ మీద కాయలు కాయలేదు, పల్లెల్లో కుర్రాళ్లు పట్నాలకు పోయారు, ముసలివాళ్లు మిగిలారు, కోసేవాళ్లు లేని పెరటి పండ్ల కోసం ఎలుగులు దిగాయి.

యూరప్‌లో ఇంకో దారి పట్టారు. 2024లో ఒక యువతి ఎలుగు దాడిలో చనిపోయాక రుమేనియా పార్లమెంటు 481 ఎలుగుల్ని చంపడానికి అనుమతిచ్చింది. 2025లో స్లోవేకియా 350 ఎలుగుల్ని కాల్చాలని నిర్ణయించింది. రెండు చోట్లా గొడవ చల్లారలేదు. అయినా వాళ్లతో మనకు పోలిక లేదు. రుమేనియా ఒక్క దేశంలోనే వేల ఎలుగులున్నాయి. మన జాతి ఎలుగులు భారత ఉపఖండం, శ్రీలంక అంతా కలిపినా 20 వేల లోపేనని అంచనా. చంపుకుంటూ పోతే మిగలవు, చంపినా మన తోటకు భద్రత రాదు.

చట్టం ఏం చెబుతోంది?

ఊళ్లో రెండు పుకార్లున్నాయి. రెండూ తప్పే.

ఒకటి: "ఎలుగు మీద చెయ్యి వేస్తే జైలే, చచ్చినా కొట్టకూడదు." 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా ఉంది. వేటాడి చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. కానీ అదే చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మీద పడిన జంతువు నుంచి తన ప్రాణమో పక్కవాడి ప్రాణమో కాపాడుకోవడానికి కొట్టినా, అది చచ్చినా నేరం కాదు. పారిపోతున్న దాన్ని తరిమి, చుట్టుముట్టి చంపితే మాత్రం నేరమే.

రెండు: "అధికారుల చేతులు కట్టేశారు, వాళ్లేమీ చేయలేరు." ఇదీ అబద్ధమే. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన ఎలుగును పట్టమని రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వవచ్చు. పట్టడానికీ, మత్తు ఇవ్వడానికీ, తరలించడానికీ వీల్లేదని తేలితే చంపమని కూడా ఉత్తర్వు ఇవ్వవచ్చు. చేతులు కట్టేసి లేవు. అడిగే గొంతు లేదు, అంతే.

ఇంకో సంగతి. అడవి జంతువు దాడిలో మనిషి పోయినా, గాయపడినా, పంట పోయినా ప్రభుత్వ పరిహారం ఉంది. అది రావాలంటే కాగితాలు ఉండాలి: పోలీసు రిపోర్టు, ఆసుపత్రి సర్టిఫికెట్ లేదా పోస్టుమార్టం రిపోర్టు, అటవీ అధికారుల పంచనామా. కంగారులో ఈ కాగితాలు చేయించుకోక నష్టపోయే కుటుంబాలుంటాయి. ఊరికి ఫోన్ చేసినప్పుడు ఈ మూడు పేర్లూ చెప్పి రాసుకోమనండి.

భక్తుడికి దొరికింది రైతుకు ఎందుకు దొరకదు?

2023 ఆగస్టులో తిరుమల అలిపిరి కాలినడక దారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. దేశమంతా కదిలింది. కొద్ది రోజుల్లోనే టీటీడీ, అటవీశాఖ కలిసి బోన్లు పెట్టాయి, చిరుతల్ని పట్టాయి, కెమెరాలు బిగించాయి, భక్తుల్ని గుంపులుగా పంపాయి, మధ్యాహ్నం తర్వాత చిన్న పిల్లల్ని నడక దారిలోకి రానివ్వలేదు. భక్తుల చేతికి కర్రలు కూడా ఇచ్చారు. కర్రల మీద జోకులేసినవాళ్లు వేశారు. కానీ ఏర్పాటంటూ ఒకటి జరిగింది.

మంచిదే. దేవుడి కొండ ఎక్కే మనిషి ప్రాణం విలువైనదే. జీడితోటకు వెళ్లే మనిషి ప్రాణం తక్కువదా? తిరుమలకు వారాల్లో వచ్చిన బోను, కెమెరా, సిబ్బంది ఉద్దానానికి ఏళ్లు గడిచినా ఎందుకు రావాలి? మన తరఫున గట్టిగా అడిగేవాళ్లు లేకపోవడం తప్ప ఇంకో కారణం ఉంటే చెప్పమనండి.

మన డిమాండ్లు

ఒకటి. కాశీబుగ్గ కేంద్రంగా శాశ్వత బృందం పెట్టాలి. పశువైద్యుడు, మత్తు తుపాకీ, బోన్లు, వలలు, వాహనం అన్నీ అక్కడే ఉండాలి. విశాఖ నుంచి కాశీబుగ్గకు సుమారు 200 కిలోమీటర్లు. అంత దూరం నుంచి డాక్టరు వచ్చేలోగా ఒక ప్రాణం పోతుంది. ఏటా ఫిబ్రవరి ముగిసేలోగా ఈ బృందం సిద్ధంగా ఉందని కలెక్టర్ ప్రకటించాలి.

రెండు. ఎన్ని ఎలుగులున్నాయి, ఏ మెట్టలో పడుకుంటున్నాయి, ఏ దారిన దిగుతున్నాయి అన్నది ట్రాప్ కెమెరాలతో లెక్క తీయాలి. ఆ దారులు ఊరి పంచాయతీ గోడ మీద పటం వేసి పెట్టాలి.

మూడు. దాడి చేసింది ఏ ఎలుగో తేల్చాకే పట్టుకోవాలి. ఇది కుదరని పనేమీ కాదు. 2023 ఏప్రిల్‌లో ఇటలీలోని ట్రెంటినోలో ఒక యువకుణ్ని చంపిన ఎలుగు ఏదో డీఎన్ఏ పరీక్షతో తేల్చి దాన్నే పట్టారు. మనం రోజూ ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ దగ్గర బస్సులోంచి చూసే సీసీఎంబీ ఇలాంటి పరీక్షల్లో పేరున్న సంస్థ. దానికి అత్తాపూర్‌లో వన్యప్రాణుల కోసమే లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. వెంట్రుక, పెంటిక వంటి వాటి నుంచి జంతువు ఏదో చెప్పే పని అక్కడ ఏళ్లుగా జరుగుతోంది. మన తోటలో దొరికిన వెంట్రుక ఆ ప్రయోగశాలకు చేరాలి. తప్పు చేయని ఎలుగు బోనులో, తప్పు చేసింది తోటలో మిగిలితే ఎవరికి లాభం?

నాలుగు. కొండ అంచు ఊళ్లలో వీధి దీపాలు, ప్రతి ఇంటికీ వాడుకకు పనికొచ్చే మరుగుదొడ్డి కావాలి. తెల్లవారుజామున తుప్పల్లోకి వెళ్లాల్సిన అవసరం ఏ ఆడకూతురికీ ఉండకూడదు.

ఐదు. కొండ మీద ఎలుగుకు తిండి, నీళ్లు పెరగాలి. అడవి పండ్ల చెట్లు నాటాలి, వేసవిలో నీటి గుంటలు నింపాలి. కర్ణాటకలో హంపి దగ్గర దరోజిలో 1994లోనే ఎలుగుల కోసం ప్రత్యేకంగా అభయారణ్యం పెట్టారు. అక్కడ సాధ్యమైంది మన మెట్టల్లో కొంతైనా సాధ్యమే.

ఆరు. గాయపడినవాళ్ల వైద్యం ఖర్చు, ముఖానికి చేయాల్సిన ఆపరేషన్లతో సహా, మొత్తం ప్రభుత్వమే భరించాలి. పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిప్పకుండా గడువు పెట్టి ఇవ్వాలి.

ఏడు. మనిషైనా ఎలుగైనా పడిపోకుండా, గట్టు లేని నేలబావులకు గట్లు కట్టాలి. అడవిపందుల కోసం తోటల్లో కరెంటు తీగలు, నాటుబాంబులు పెట్టేవాళ్ల మీద చర్య తీసుకోవాలి. ఆ తీగకు ఎలుగు ఒక్కటే చావదు, మనిషీ చస్తాడు. గాయపడి తప్పించుకున్న జంతువు ఇంకా ప్రమాదం.

మనం చేయాల్సిన పని

ప్రభుత్వాన్ని అడగడం సగం. మిగతా సగం మన చేతుల్లో ఉంది.

ఈ కరపత్రం ఇచ్చిన వాళ్ల దగ్గరే వినతిపత్రం ఉంది. శ్రీకాకుళం కలెక్టర్‌కూ, జిల్లా అటవీ అధికారికీ, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కూ పంపేది. చదివి, మీ ఊరు, మండలం పేరుతో సంతకం పెట్టండి. సంతకం రానివాళ్ల వేలిముద్రకూ అంతే విలువ.

ఊరు వెళ్లినప్పుడు సోమవారం కలిసొస్తే శ్రీకాకుళం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రామసభ జరిగితే ఈ డిమాండ్లతో తీర్మానం చేయించండి. తీర్మానం కాపీ ఫోటో తీసి ఇక్కడి వాళ్లకు పంపండి. నోటిమాట గాలికి పోతుంది, తీర్మానం ఫైల్లో ఉంటుంది.

ఒకే వీధి వాళ్లం నలుగురైదుగురం కలిసి జీడి కాపు రోజుల్లో వంతులేసుకుని ఊరు వెళ్దాం. ఒకరు వెళ్లినప్పుడు మిగతావాళ్ల తోటల్లో కూడా తుప్పలు కొట్టించి, ముగ్గిన పనసలు దించి రావాలి. సెలవు దొరకనివాళ్లం తలా కొంత వేసుకుని ఊళ్లో నలుగురికి టార్చిలైట్లు, విజిల్స్, గజ్జెలు కట్టిన కర్రలు కొనిద్దాం. ఒక పండగకు డీజే పెట్టే ఖర్చు ఒక ఊరికి సరిపోతుంది.

అన్నింటికంటే ముందు, ఈ రాత్రే ఇంటికి ఫోన్ చేసి కింద రాసినవి చదివి వినిపించండి.

అమ్మానాన్నలకు చెప్పాల్సిన మాటలు

తోటకు ఒంటరిగా వెళ్లొద్దు. కనీసం ముగ్గురు కలిసి, వెలుతురు బాగా వచ్చాక వెళ్లాలి.

దారి పొడవునా మాట్లాడుతూ, కర్ర నేలకేసి కొడుతూ, గజ్జెల చప్పుడు చేస్తూ నడవాలి. మనిషి అలికిడి ముందే వింటే ఎలుగు చాలావరకు తానే తప్పుకుంటుంది.

తవ్వి పెట్టిన చెదపుట్టలు, తాజా పెంటిక, సగం తిన్న పనస కనబడితే వెనక్కి వచ్చేయాలి. వచ్చి ఊళ్లో అందరికీ చెప్పాలి.

ముగ్గిన పనసలు, వాటి తొక్కలు, జీడిమామిడి పళ్ల కుప్పలు ఇంటి చుట్టూ ఉంచొద్దు. గొయ్యి తీసి పూడ్చాలి. గుడిలో నూనె, కొబ్బరి రాత్రిపూట బయట వదలొద్దు.

ఎలుగు దూరంగా కనబడితే పరిగెత్తొద్దు. దానికన్నా వేగంగా మనం పరిగెత్తలేం. దాని వైపే చూస్తూ నెమ్మదిగా వెనక్కి జరగాలి. చెట్టెక్కొద్దు, అది కూడా ఎక్కుతుంది.

మీద పడి కింద పడేస్తే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక కలిపి, ముఖం నేలకు దాచుకోవాలి.

పిల్లలతో ఉన్న ఎలుగు జోలికి అసలు వెళ్లొద్దు. వీడియో కోసం వెంటపడే కుర్రాళ్లను ఊరే ఆపాలి. చుట్టుముట్టి కేకలేస్తే, దారి దొరకని ఎలుగు ఎటు పడితే అటు దూకుతుంది.

కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పావుగంట కడగాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి డాక్టర్‌ను అడగాలి. పసుపు, కాఫీపొడి అద్దడం మానాలి.

ఉప్పల్, నాచారం ఇరుగుపొరుగు వారికి ఒక మాట

మీరు ఉద్దానం వాళ్లు కాకపోయినా ఈ కాగితం మీ చేతికి వచ్చి ఉంటే పారేయకండి. మన పక్కనే అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ల పిల్లవాణ్ని వీధికుక్కలు పొట్టన పెట్టుకున్నాయి. ఆ రోజు ఈ నగరం కూడా రెండు ముక్కలైంది. అన్నిటినీ చంపాలని కొందరు, ఒక్కదాన్నీ ముట్టుకోవద్దని కొందరు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. జనం అటూ ఇటూ రోడ్డెక్కారు. అదే నెల 22న ఇంకో ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. కుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, టీకా సరిగ్గా వేళకు జరిగి ఉంటే ఆ గొడవ అంత దూరం వచ్చేదా? ఏర్పాటు చేయనివాళ్లు హాయిగా ఉంటారు, జంతు ప్రేమికులూ బాధితులూ ఒకరి మీద ఒకరు పడతారు. కుక్కల విషయంలో మీరు చూసిందే ఎలుగుల విషయంలో మేం చూస్తున్నాం.

మీలో జంతు ప్రేమికులు ఉంటే మా వినతిపత్రం మీద మీరూ సంతకం పెట్టండి. మా డిమాండ్లలో ఎలుగుకు హాని చేసేది ఒక్కటీ లేదు. తోటలో మనిషి బతికితే ఊరు కర్ర పట్టుకోదు, ఊరు కర్ర పట్టుకోకపోతే ఎలుగూ బతుకుతుంది.

ఆఖరుగా

మన గడ్డ ఊరికే తలవంచే గడ్డ కాదు. సోంపేట బీలలో థర్మల్ కేంద్రం వద్దని 2010లో తుపాకీ గుళ్లకు ఎదురు నిలిచి నేలనూ నీళ్లనూ కాపాడుకున్న జనం మనం. అంత పెద్ద కంపెనీని ఆపగలిగిన వాళ్లం, ఒక బోను, ఒక డాక్టరు, నాలుగు దీపాలు తెచ్చుకోలేమా?

ఈసారి జీడి పూతకు ముందే కదులుదాం. ఇంకో శవం లేచాక ధర్నాకు వెళ్లే పని పెట్టుకోవద్దు. సంతకం పెట్టండి, ఇంటికి ఫోన్ చేయండి, ఈ కాగితం పక్క గదిలో ఉండే మన ఊరివాడి చేతిలో పెట్టండి.

కాశీబుగ్గలో శాశ్వత బృందం వెంటనే ఏర్పాటు చేయాలి!
తోటకు వెళ్లే రైతు ప్రాణానికి ప్రభుత్వమే పూచీ పడాలి!
దాడి చేసిన ఎలుగును గుర్తించి పట్టాలి, మిగతా వాటిని కొండ మీద బతకనివ్వాలి!
ఉద్దానం ప్రజల ఐక్యత వర్ధిల్లాలి!

ఇట్లు,
ఉప్పల్, నాచారంలో ఉంటున్న ఉద్దానం వాళ్లం